బావ మానిటర్

మా అక్క భర్త డ్రాఫ్ట్స్‌మన్. ఒక చిన్న కంపెనీలో పైపులైన్ల డ్రాయింగులు గీసేవాడు. ఉక్కునగరం దాటగానే, కూర్మన్నపాలెంలో ఇల్లు. పోయిన వానాకాలం, ల్యాప్‌టాప్‌లో గీతలు కంటికి ఆనడం లేదని పెద్ద మానిటర్ కొనుక్కున్నాడు. కొన్న దగ్గర్నుంచీ బొమ్మ మసగ్గా ఉందని నాకు ఫోన్లు. నాది మధురవాడలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం. రిజల్యూషన్ పెంచమని ఫోన్లో చెబితే, అంతకన్నా పెద్దది చూపించడమే లేదన్నాడు.

ఆదివారం నేనే వెళ్ళాను. చెప్పులు విప్పుతుండగానే అక్క పక్కకి పిలిచింది. బావ టీ గ్లాసులో కాకుండా బల్ల మీద పోస్తున్నాడట, గడప తట్టుకుంటున్నాడట. ఏళ్ళ తరబడి షుగరున్న మనిషి. కళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు.

"అంతా ఆ మానిటర్ వల్లే అంటన్నార్రా. నువ్వు బాగు సేసేస్తే సరిపోద్దట," అంది.

మానిటర్ ఆన్ చేసి చూస్తే బావ చెప్పింది నిజమే. బొమ్మంతా అడ్డంగా సాగిపోయి ఉంది. పైపుల వలయాలు కోడిగుడ్లలా ఉన్నాయి. అక్షరాల అంచులు అలుక్కుపోయాయి. నాకూ గుండె తేలికపడింది.

"సూసావా బావా, నాను సెప్తే మీ అక్క నమ్మదు," అన్నాడు బావ. చాలా రోజులకి నవ్వాడని అక్క తర్వాత చెప్పింది.

సెట్టింగులు మార్చాను, డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను. లాభం లేకపోయింది. ల్యాప్‌టాప్‌కీ మానిటర్‌కీ మధ్య ఉన్న చవక కన్వర్టర్ మీద అనుమానం వచ్చింది. దానివల్ల మానిటర్ అసలు కొలత ల్యాప్‌టాప్‌కి అందడం లేదు. వానలో తడుస్తూ వెళ్ళి, నేరుగా తగిలించే కేబుల్ ఒకటి కొనుక్కొచ్చాను. అది పెట్టగానే తెర ఒక్కసారి నల్లబడి, నిండుగా వెలిగింది. వలయాలు గుండ్రంగా కుదిరాయి. గీతలు వెంట్రుకల్లా సన్నగా, స్పష్టంగా ఉన్నాయి.

బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఒక గీత మీద వేలు పెట్టాడు.

"ఈ గీత మధ్యలో తెగిపోయిందేటి బావా?"

ఆయన వేలు పెట్టిన చోట గీత తెగలేదు. అక్క వంటింటి గుమ్మంలోంచి నన్నే చూస్తోంది. చివరికి, గీత బాగానే ఉందన్నాను. ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత రెండోది మూసి చూశాడు.

"అయితే నాదే," అన్నాడు నెమ్మదిగా. మౌస్ పక్కన పెట్టేశాడు.

ఆ వారమే కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు కళ్ళలోనూ చూపు నడిమధ్య భాగం పోయిందన్నారు, ముందే రావలసిందన్నారు. ఇంజక్షన్లు మిగిలిన చూపుని నిలబెట్టాయిగానీ పోయింది రాలేదు. దసరాకి ఉద్యోగం మానేశాడు. మానిటర్ ఎవరికైనా ఇచ్చెయ్యమని అక్క అడిగితే, మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చాను.

ఇప్పుడు వెళితే ఇద్దరం వరండాలో కూర్చుంటాం. నా గొంతు విని జరిగి చోటిస్తాడు. మాట్లాడేటప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పుకుంటాడు. సూటిగా చూస్తే నేను కనిపించనట, ఓరచూపులోనే కాస్త ఆనవాలు దొరుకుతుందట.