చివరి నాలుగు అంకెలు చాలన్న రమణయ్య

నిన్న పొద్దున గిద్దలూరు బస్టాండులో కొమరోలు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. జిరాక్స్ రమణయ్య పోయాడట. గుండెపోటు.

పేరు తప్పు విన్నానేమోనని రెండోసారి చెప్పించుకున్నాను.

బస్సు వచ్చింది. ఎక్కలేదు.

ఆయన నెట్ సెంటర్ మీకందరికీ తెలుసు. ఆధార్ జిరాక్స్ అడిగితే ఎవరికి, ఎందుకు అని అడిగి, కాపీ మీద అడ్డంగా ఆ పని పేరు రాయించేవాడు. డౌన్‌లోడ్ చేస్తే మొదటి ఎనిమిది అంకెలు కనపడని కార్డే ఇచ్చేవాడు. ఆఫీసులో ఒప్పుకోకపోతే తానే వెళ్లి, "చివరి నాలుగు చాలు గదా సార్" అని వాదించేవాడు.

నాకది చాదస్తంగా కనిపించేది.

మా మహిళా సంఘం లిస్టు రాసేది నేనే. కిందటేడు నలభై ఒక్కమంది పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు రాసి, ఫొటో తీసి, తప్పులుంటే చెప్పమని వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మూడుసార్లు సరిచూసి మరీ.

రెండు రోజులకు సంఘంలోని లక్ష్మమ్మకు ఎవరో ఫోన్ చేసి, ఆమె ఆధార్ నంబరు మొత్తం అప్పజెప్పి, ఓటీపీ అడిగారు. ఆమె ఆఫీసువాళ్లే అనుకుంది. మెసేజ్ చదివించుకోవడానికి రమణయ్య దగ్గరికి వెళ్లింది కాబట్టి మోసం బయటపడింది.

ఆయన నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, ఒక్క అంకె గూడా తప్పు రాయలేదు నువ్వు. అదే వచ్చిన చిక్కు."

వెంటనే డిలీట్ చేసి చూపించాను. "పోయింది గదా?"

"నీ ఫోన్లో పోయింది. 'నాకు మాత్రమే' నొక్కినావు. అందరి ఫోన్లలో భద్రంగా ఉండాది."

షట్టర్ దించి, ఒక్కో ఫోన్లో ఆ ఫొటో తీసేయిస్తూ నాతో ఇల్లిల్లూ తిరిగాడు. తప్పు నాదేనని ప్రతి గడపలోనూ నేనే చెప్పాలన్నాడు. చెప్పాను.

ఒకచోట నా పాత విద్యార్థి నవ్వాడు. "ఏంది టీచరమ్మా, మాకైతే గుంజీలు తీయించినావే!"

"అవి తర్వాత. ముందు ఫోన్ తియ్యి నాయనా" అన్నాడు రమణయ్య.

అప్పటినుంచి సంఘంలో నియమం ఉంది. లిస్టు నా బీరువా దాటదు. బయటికిచ్చేది చివరి నాలుగు అంకెలే. పనయ్యాక కాపీ ఎవరిదో వాళ్ల ముందే చించాలి. చెప్పింది ఆయన, రాసింది నేను.

నిన్న సాయంత్రం ఎవరో మరణ ధ్రువపత్రం కోసమని ఆయన ఆధార్ ఫొటోనే గ్రూపులో పెట్టారు. పన్నెండు అంకెలూ కనిపిస్తున్నాయి.

పెట్టినవాళ్లకు ఫోన్ చేశాను. "పోయినాయనకు ఇంకేం భయం అవ్వా?"

"ఇంట్లోవాళ్లు ఉన్నారు గదా. 'అందరికీ' అని ఉంటది చూడు, అది నొక్కు."

నొక్కారు. అయినా ఈ పొద్దున ఇల్లిల్లూ తిరిగి చూసి వచ్చాను. ఈసారి ఒక్కదాన్నే.

రమణయ్యా, నీ పేరు తప్ప నీ వివరాలేవీ ఇక్కడ పెట్టలేదు. నిశ్చింతగా నిద్రపో తమ్ముడూ.