సిస్టర్ మీద మా అమ్మ తీర్చుకున్న పగ

నా చిన్నప్పుడు నేను మనస్ఫూర్తిగా ద్వేషించిన మనిషి ఒక్కతే. మా నాయనమ్మను చేర్చిన సర్కారు దవాఖానాలో ఆడవాళ్ళ వార్డు చూసుకునే సిస్టర్. ఆమె పేరు నాకు ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు. నా జుట్టు ముగ్గుబుట్ట అయింది, మనవరాళ్ళు కూడా ఎదిగొచ్చారు. అయినా ఆమె తలపుకొస్తే ఇవాళ్టికీ పళ్ళు పటపటా కొరుక్కుంటాను. పోనీలే, ఎప్పటి సంగతో కదా అంటారు మా ఇంట్లోవాళ్ళు. ఎందుకు పోనివ్వాలి?

అప్పుడు మేము సంతోష్‌నగర్‌లో చిన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా బాపు బస్సుల డిపోలో మెకానిక్. మా నాయనమ్మకు పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. నొప్పి వచ్చిందంటే మంచం పట్టీ పట్టుకుని మెలికలు తిరిగిపోయేది. ఆపరేషన్ ఒక్కటే దారి అన్నారు డాక్టర్లు. నాయనమ్మ పొద్దస్తమానం మా అమ్మకు వంకలు పెట్టేది కానీ, గుక్కెడు మంచినీళ్ళయినా అమ్మ చేతిమీదుగానే తాగేది. వేరే ఎవరు ఇచ్చినా గ్లాసు పక్కకు నెట్టేసేది. వాళ్ళిద్దరి సంగతి అదోరకం.

నాయనమ్మను ముందురోజే చేర్చాం. ఆపరేషన్ రోజు పొద్దున్నే అమ్మ, నేను ఇంటి నుంచి దవాఖానాకు వెళ్ళాం. మా ఇంట్లో ఎవరు ఏ పెద్ద పనికి కదిలినా నోట్లో చెంచాడు పెరుగు చక్కెర పడాల్సిందే. పరీక్షకైనా సరే, పెళ్ళిచూపులకైనా సరే. అది లేకుండా గడప దాటితే పని చెడుతుందని అమ్మకు గట్టి నమ్మకం. అందుకే చిన్న స్టీలు గిన్నెలో పెరుగు తోడుపెట్టి, పైన చక్కెర చల్లి, గుడ్డ కట్టి తెచ్చింది. నాయనమ్మ మంచం తలవైపు ఒక చిన్న బోర్డు వేలాడుతోంది. దాని మీద ఇంగ్లీషులో ఎన్, బీ, ఎమ్ అని మూడు అక్షరాలున్నాయి. అమ్మకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. నాకు అక్షరాలు వచ్చు కానీ వాటికి అర్థం తెలియదు. మంచం గుర్తేమో అనుకున్నాం. అమ్మ నాయనమ్మ తల నిమిరి, దేవుణ్ణి తలుచుకుని, చెంచాడు పెరుగు నోట్లో పెట్టింది. ఆకలి మీదున్న నాయనమ్మ ఇంకో చెంచా అడిగి మరీ తిన్నది.

సిస్టర్ అప్పుడు వచ్చింది. నాయనమ్మ పెదవి మీద తెల్లటి మరక చూసింది, అమ్మ చేతిలో గిన్నె చూసింది. ఇక మొదలుపెట్టింది చూడండి, వార్డు పైకప్పు ఎగిరిపోయేలా!

“బోర్డు పెట్టినంక గూడ తినిపిస్తరా? కండ్లు లేవా మీకు? సదువు లేని మందంత మా పానానికే వస్తది!”

డాక్టరు వచ్చి విషయం విని తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. స్ట్రెచర్ మా మంచం దగ్గర ఆగకుండా పక్క మంచం ఆమె కోసం పోయింది. నాయనమ్మ ఆపరేషన్ ఆగిపోయింది. వార్డులో ఉన్న ప్రతి మనిషీ మా వైపే చూశారు. అమ్మ ఆ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సిస్టర్ అంతటితో ఊరుకుందా? వచ్చిన ప్రతి నర్సుకూ, ప్రతి ఆయాకూ అమ్మను వేలు పెట్టి చూపించి మరీ చెప్పింది. ఆ వేలు విరిచేయాలనిపించింది నాకు.

కొత్త తేదీ ఇచ్చి ఇంటికి పంపారు. మా బాపు చెడ్డవాడు కాదు, కానీ తల్లి నొప్పి చూడలేక ఆ కోపమంతా అమ్మ మీద కుమ్మరించాడు. “ఈపారి నువ్వు రాకు. మా అక్కను పిలిపిస్త, ఆమె ఉంటది” అన్నాడు. చుట్టాల్లో అప్పటికే మాట పాకింది, కోడలు కావాలనే తినిపించిందని. నాయనమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, కోడలు లేకుంటే దవాఖానా గడప తొక్కనని, ఈ నొప్పితోనే పోతానని మొండికేసింది. ఇటు అమ్మ వెళ్ళకూడదు, అటు అమ్మ లేకుండా నాయనమ్మ కదలదు. తేదీ దగ్గరపడుతోంది. అమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేను చూశాను. ఆ సిస్టర్‌ను ఏడిపించకపోతే నా పేరు మార్చుకుంటానని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

నా పథకం చాలా గొప్పది. దూలగొండి నూగు సంపాదించి ఆమె టోపీలో పోయాలి. గోక్కోలేక గోక్కోలేక వార్డంతా గంతులేస్తుంటే అమ్మను తీసుకెళ్ళి చూపించాలి. ఈ పనికి తగిన మనిషి మా పక్కింటి అక్క. ఆమె నర్సింగు చదువుతోంది, డ్యూటీ నేర్చుకోవడానికి ఆ వార్డుకే వెళ్ళేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పట్టుకుని నా పథకం చెప్పాను. తిడుతుందనుకున్నాను. అక్క కళ్ళు మెరిశాయి. అసలు సంగతేమిటంటే ఆ సిస్టర్ అంటే అక్కకూ ఒళ్ళు మంటే. తెలుగు మీడియంలో చదివొచ్చిన అక్క ఒకసారి మందుల చీటీలో రాసే ఇంగ్లీషు అక్షరాల అర్థం మర్చిపోయిందని, సిస్టర్ ఆమెను పేషెంట్లందరి ముందు గోడవైపు నిలబెట్టిందట.

“దూలగొండి ఏంది పిల్లా! ఒక్క పూట గోక్కుంటది, స్నానం జేస్తది, అయిపాయె. గట్ల గాదు. ఆమె దగ్గర ఏదుందని గంత మిడిసిపడుతుందో అది గుంజుకోవాలె” అన్నది అక్క.

ఆమె దగ్గర ఉన్నది ఆ అక్షరాలే. అక్క ఆ రోజు నుంచే పాఠం మొదలుపెట్టింది. రోజుకు ఒకసారి వేసుకునేది ఓడీ, మా నల్లాలో నీళ్ళు వచ్చినట్టు. రెండుసార్లయితే బీడీ. బాపు కాల్చేది కూడా బీడీయే కదా అని నేను పకపకా నవ్వితే నెత్తిన మొట్టింది. మూడుసార్లు టీడీఎస్, అంటే నాయనమ్మ అమ్మను తిట్టినట్టు. పడుకునే ముందు వేసుకునేది హెచ్ఎస్. అవసరం పడితేనే వేసుకునేది ఎస్ఓఎస్, అంటే మా బాపు నవ్వు. తిండికి ముందు ఏసీ, తిన్నాక పీసీ. వెంటనే ఇవ్వాల్సింది స్టాట్, అంటే అమ్మ పిలిస్తే పరిగెత్తినట్టు. చివరకు ఎన్‌బీఎమ్. నోటితో ఏమీ ఇవ్వకూడదు, నీళ్ళు కూడా.

నేను కోపంతో నేర్చుకున్నాను కాబట్టి తొందరగా వచ్చింది. అన్నీ ఒప్పజెప్పి, ఇక వార్డు మధ్యలో నిలబడి ఆ సిస్టర్‌ను కడిగేస్తానన్నాను. అక్క పెద్దగా నవ్వింది. చిన్నపిల్ల అరిస్తే చెవి మెలేసి బయటికి పంపుతారంది. అవమానపడ్డది మా అమ్మ కాబట్టి పగ కూడా అమ్మే తీర్చుకోవాలని, నేను చేయవలసిందల్లా ఇంటికి పోయి అమ్మకు నేర్పడమేనని చెప్పింది. ఇంతసేపూ నాకు చెప్తున్నట్టు చెప్పి, అక్క పాఠమంతా మా అమ్మ కోసమే చెప్పిందన్నమాట. తాను వస్తే అమ్మ సిగ్గుపడి నేర్చుకోదని తెలుసు. ఎంత జాణ!

అమ్మ మొదట్లో చెయ్యి విదిలించింది, నాకెందుకే ఈ వయసులో అని. ఎన్‌బీఎమ్ అంటే ఏమిటో చెప్పేసరికి ఆగిపోయింది. ఎందుకు ఇవ్వొద్దంట అని అడిగింది. నాకు తెలియక అక్కను పిలుచుకొచ్చాను. మత్తు ఇచ్చాక కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని, ప్రాణమే పోవచ్చని అక్క నెమ్మదిగా చెప్పింది. అమ్మ ముఖం పాలిపోయింది. “అయ్యో దేవుడా, నా చేత్తో నేనే…” అని గోడకు చేరగిలబడింది. అక్క ఆమె పక్కనే కూర్చుంది.

“ఆమె ఆపరేషన్ ఆపుడు తప్పు గాదు పెద్దమ్మా. మీకు ముందుగాల చెప్పకపోవుడు తప్పు. ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా!”

 అమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ అక్షరాలు మళ్ళీ చెప్పమంది. అమ్మ అంత కసిగా ఏ పనైనా చేయడం నేను అంతకుముందు చూడలేదు. రొట్టె చేస్తూ పిండిలో వేలితో రాసుకునేది. ఒక రోజు బాపు అన్నం తింటుంటే అక్క వచ్చి, నాయనమ్మ మందుల చీటీ అమ్మ చేతిలో పెట్టి ఏది ఎప్పుడో అడిగింది. అమ్మ తడుముకోకుండా చెప్పింది. బాపు ముద్ద చేతిలోనే ఆగిపోయింది. చేయి కడుక్కొచ్చి, “సరే, నువ్వే రా” అన్నాడు. అంతకన్నా ఎక్కువ మాటలు ఆయన దగ్గర లేవు.

రెండోసారి నాయనమ్మను చేర్చాం. ఆపరేషన్ రోజు అదే సిస్టర్, అదే బోర్డు. మమ్మల్ని చూడగానే మూతి తిప్పుకుని, ఈసారైనా గిన్నెలు తేలేదు కదా అని అందరికీ వినపడేలా అన్నది. అమ్మ నాయనమ్మ దుప్పటి సర్దుతూ ఉండిపోయింది. నేను మాత్రం లోపల ఉడికిపోయాను.

అవతలి మంచం మీద దబీర్‌పురా నుంచి వచ్చిన ఒక ముసలామె ఉంది. ఆమెకూ ఆ రోజే ఆపరేషన్, ఆమె మంచానికీ అదే బోర్డు. ఆమె కూతురు దర్గాలో దువా చదివించి, ఊదించి తెచ్చిన నీళ్ళ సీసా మూత తీసి, తల్లి తల పైకెత్తింది. సిస్టర్ అక్కడే ఉంది, వీపు ఇటు తిప్పి ఎవరినో కసురుతోంది. ఆ నీళ్ళు లోపలికి పోతే ఈ ఆపరేషన్ కూడా ఆగేది, డాక్టరు ఈసారి సిస్టర్‌నే నిలబెట్టి కడిగేవాడు. మా అమ్మ ఆ లెక్కేమీ వేయలేదు. ఒక్క అంగలో వెళ్ళి సీసా పట్టుకుంది.

“నక్కో బాజీ, నక్కో! పానీ భీ నక్కో పిలాఓ! ఆపరేషన్ రుక్ జాతా!”

నీళ్ళు కూడా తాగించొద్దు, ఆపరేషన్ ఆగిపోతుందన్న ఆ మాటకు కూతురు బిత్తరపోయింది. అమ్మ బోర్డు చూపించి వచ్చీరాని ఉర్దూలో అక్షరం అక్షరం చెప్పింది. ఆ నీళ్ళతో తల్లి నుదురు తడపమంది. కూతురు అలాగే చేసి, అమ్మ చేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది. సిస్టర్ గిరుక్కున తిరిగింది.

“ఇవన్ని నీకెవరు చెప్పిన్రు?”

“నువ్వయితే చెప్పలే సిస్టరమ్మా” అన్నది అమ్మ. గొంతు పెంచలేదు. “గా దినం నాకు గీ ఒక్క ముక్క చెప్పి ఉంటే, మా అత్తమ్మ ఇన్నొద్దులు నొప్పికి ఒర్రకపోతుండె. నన్ను తిట్టనీకి నీకు మస్తు టైం దొరికింది. చెప్పనీకి దొరకలే.”

 వార్డులో ఎవరో ఒకామె, తన బిడ్డ చీటీలో ఏముందో చెప్పమని సిస్టర్‌ను అడిగింది. ఇంకొకామె తన బోర్డు సంగతేమిటంది. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు, తెలుగులో కొందరు, ఉర్దూలో కొందరు చుట్టూ మూగారు. ఇక చెప్పక తప్పలేదు సిస్టర్‌కు. మంచం మంచానికీ తిరిగి, గొంతు పోయేదాకా చెప్పింది. చెమటలు పట్టి ఆమె టోపీ ఓ పక్కకు జారింది. నేను స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ కరువుతీరా చూశాను. అంత సుఖం నాకు మళ్ళీ దేనిలోనూ దొరకలేదు. మధ్యాహ్నానికి నాయనమ్మ ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కళ్ళు తెరవగానే ఆమె అడిగింది కోడలినే.

పెద్దయ్యాక నేనూ నర్సునయ్యాను, ఆ సిస్టర్ మీద కోపంతోనే. ఒకసారి డ్యూటీలో ఊపిరాడనంత పని ఉన్న రోజు, బోర్డు పెట్టిన పిల్లాడికి తల్లి బిస్కెట్ తినిపిస్తూ కనబడింది. నా నోట్లోకి ఏ మాట వచ్చిందో తెలుసా? కండ్లు లేవా మీకు! అదే మాట, అదే గొంతు. నాలుక చివరి దాకా వచ్చిన మాటను మింగి, ఆ తల్లి పక్కన కూర్చుని ఎన్‌బీఎమ్ అంటే ఏమిటో చెప్పాను.

ఆ సిస్టర్‌ను క్షమించెయ్యి, మనసు తేలికవుతుంది అంటారు నా పిల్లలు. నేను క్షమించను. ఆమె మీద కోపం పోయిన రోజున, నేను ఆమెనైపోతాను.