అక్క నవ్వును అందుకునే లెన్సు

మా అక్క నవ్వితే మూడు చేలవతల ఎడ్లు తలెత్తి చూస్తాయని మా ఊళ్లో ఒకప్పుడు అనేవాళ్లు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి గానీ ఆ నవ్వు పోలేదు. మిరప కోతల్లో అక్క ఏ సాలులో ఉందో తల ఎత్తి చూడక్కర్లేదు, నవ్వునిబట్టి చెప్పొచ్చు. అలాంటి మనిషికి నవ్వుతున్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉన్నదల్లా ఆధార్ కార్డులోది. అందులో మా అక్క, దొంగతనం ఒప్పుకోమంటే ఒప్పుకోనని మొండికేసిన మనిషిలా ఉంటుంది.

“నేను పోతే ఈ మొహమే ఫ్లెక్సీ మీద వేస్తారే. చూడ్డానికి వచ్చినోళ్లు జడుసుకుని జ్వరం తెచ్చుకుంటారు,” అని తనే అనేది. అని నవ్వేది. అప్పుడు మాత్రం ఎవరి దగ్గరా కెమెరా ఉండదు.

పోయిన ఏడు కోతలు మొదలయ్యే ముందు అక్క ఒక మాట చెప్పింది. మోకాళ్లు ఇక ఒప్పుకోవడం లేదనీ, ఈ కాయ ఎండి మిర్చి యార్డుకు వెళ్లిపోయాక సింగరాయకొండ దగ్గర కూతురి ఇంటికి పోయి అక్కడే ఉండిపోతాననీ. “పో, పీడా పోతుంది,” అన్నాను. మా ఇద్దరి మధ్య ప్రేమలు అలాగే ఉంటాయి. ఆ రోజే అనుకున్నాను, మనిషి వెళితే వెళ్లింది, ఆ నవ్వొకటి నా దగ్గర ఉండాలి.

కెమెరా మా మనవరాలిది, అంటే మా అమ్మాయి కూతురిది. గుంటూరులో డిగ్రీ చదువుతూ, ట్యూషన్లు చెప్పిన డబ్బుతో పాత కెమెరా ఒకటి కొనుక్కుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాడేదట. ఆ పిల్లకూ నాకూ లెక్క వేరు. అది ఒకటో తరగతిలో అ ఆలు దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. అప్పటికి నా జుట్టు సగం నెరిసింది. “అమ్మమ్మా, నీ అక్షరాలు తాగినోళ్లలా పడిపోతున్నాయి,” అనేది ఆ వేలెడంత పిల్ల. ఇప్పుడు చర్చిలో పాటల పుస్తకం చూసి పాడతాను. సత్తెనపల్లి నుంచి గుంటూరు దాకా బస్సులో కూర్చుని దారిపొడుగునా బోర్డులు పైకి చదువుతాను. పక్కవాళ్లకు విసుగు. నాకేం?

దానికి నా కోరిక చెప్పాను. ఆదివారం కెమెరా పట్టుకుని నేరుగా కల్లానికి వచ్చింది. మిరపకాయలు పట్టల మీద ఎర్రగా పరిచి ఉన్నాయి. అక్క మధ్యలో కూర్చుని తాలుకాయ ఏరుతోంది. తాలుకాయ అంటే ఎండలో తెల్లబడి పనికిరాకుండా పోయిన కాయ. మనవరాలు కెమెరాతో దగ్గరికి వెళ్లిందో లేదో, అక్క కొంగు నోటికి అడ్డం పెట్టేసుకుంది. ముందు పళ్లు రెండు ఊడాయి, ఆ సిగ్గొకటి.

“పెద్దమ్మమ్మా, కొంగు తియ్యి.”

తీసింది. తీసి, లేచి నిలబడి, చేతులు రెండూ కిందికి వేలాడేసి, గుడ్లు మిటకరించింది.

“నవ్వవే!” అన్నాను నేను.

“ఎందుకు నవ్వాలే? ఏం జరిగిందని?”

మళ్లీ ఆధార్ కార్డు మొహమే పడింది.

ఇంటికి వచ్చాక మనవరాలు విషయం చెప్పింది. దీనికున్న లెన్సు చిన్నది, మనిషి దగ్గరికి వెళితే గాని మొహం నిండుగా రాదు. దగ్గరికి వెళితే పెద్దమ్మమ్మ బిగుసుకుపోతుంది. దూరాన్ని దగ్గరకు లాగే జూమ్ లెన్సు ఉంటే ట్రాక్టర్ ట్రక్కు చాటున నిలబడి, ఆమెకు తెలియకుండా తీయొచ్చు. ఫోన్లో తీయరాదా అన్నాను. కల్లం దగ్గర అదీ తీసి చూసిందట, చూపించింది. దూరం నుంచి లాగేసరికి మా అక్క మొహం వానలో తడిసిన ముగ్గులా ఉంది. సరే, లెన్సే కొందామన్నాను. కొత్తది మన వల్ల కాదు, పాతదైనా మంచిది చూసి తీసుకుందామంది.

గుంటూరులో పాత కెమెరాలు అమ్మే దుకాణం మేడ మీద, సందులాంటి గది. దుకాణదారు రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు. ఒకటి పొడుగ్గా, బరువుగా, ఫిరంగిలా ఉంది. దాని మీద మూడొందలని రాసి ఉంది. రెండోది పొట్టిది, తేలికది, రెండొందల యాభై. ఆ అంకె పెరిగేకొద్దీ దూరాన్ని మరింత దగ్గరకు లాగుతుందట. చిత్రమేమిటంటే పెద్దదే కాస్త చవక. మనవరాలి కళ్లు పెద్దదాని మీదే ఉన్నాయి.

నేను రెండూ రెండు చేతుల్లోకి తీసుకుని తూచాను. “పెద్దది వద్దు. ఇంత బరువుందంటే నీళ్లు చల్లారు,” అన్నాను.

దుకాణదారు బిత్తరపోయాడు. “నీళ్లేంటి మామ్మగారూ?”

“బస్తా తూకానికి రావాలని కాయ మీద నీళ్లు కొట్టరూ? నాకు తెలియదనుకున్నావా?”

“అమ్మమ్మా, పరువు తీయకు,” అని మనవరాలు నా మోచెయ్యి గిల్లింది. “అది అద్దం బరువు. ఇది మిరపకాయ కాదు.”

తప్పు నాదే. అయినా నాకు ఏ వస్తువు కొన్నా బస్తా అడుగున చెయ్యి పెట్టి చూసే అలవాటు. పైన పోసిన కాయ చూసి కొన్నవాడు బాగుపడ్డట్టు మేం ఎక్కడా వినలేదు. మనవరాలు మాత్రం ఫోను లైటు వేసి, లెన్సుల లోపలికి ఒక కన్ను మూసి చూస్తోంది. ఏం వెతుకుతున్నావంటే బూజట. తేమకు లెన్సు లోపలా బూజు పడుతుందట. నాకు ప్రాణం లేచి వచ్చింది. “మరి మిరపకాయ కాదన్నావుగా! పైకి నిగనిగలాడే కాయ విరిచి చూస్తే లోపల బూజుండదూ?” దుకాణదారు కూడా నవ్వాడు. రెండింటిలోనూ బూజు లేదు.

అప్పుడు నన్ను గుమ్మంలోకి తీసుకెళ్లి కెమెరా చేతికిచ్చింది. “రోడ్డు అవతలి బోర్డు చదువు. ఏది బాగా చదవగలవో చెప్పు.” ముందు పెద్ద లెన్సు పెట్టింది. నాకు చేతులు వణుకుతాయి. అక్షరాలు దగ్గరకైతే వచ్చాయి గానీ పూనకం వచ్చినట్టు ఊగిపోయాయి. నా కళ్లవెంట నీళ్లు కారాయి తప్ప ఒక్క ముక్క అందలేదు. తర్వాత పొట్టిది పెట్టి, మీట సగం నొక్కి పట్టుకోమంది. లోపల ఏదో బుర్రుమంది. అక్షరాలు ఒక్కసారి నిలబడ్డాయి. నా చెయ్యి వణుకుతూనే ఉంది, అక్షరాలు మాత్రం బడిపిల్లల్లా వరసలో నిలబడ్డాయి.

“ఇచ్చట... కళ్లజోళ్లు... బాగుచేయబడును!”

వీధిలో పోయేవాళ్లు తల పైకెత్తి చూశారు. అంత దూరంలో ఉన్న రాత నేను పుట్టి బుద్ధెరిగి చదవలేదు. చేతి వణుకు ఆపే ఏర్పాటు చిన్నదానిలో ఉంది, పెద్దదానిలో లేదు, తేడా అదే అన్నాడు దుకాణదారు. మనవరాలు ఇంకా మూడొందల వైపే చూస్తోంది. “ఊగే మూడొందలకన్నా నిలిచే రెండొందల యాభై నయం. నీదీ ఏమంత గట్టి చెయ్యి కాదు, నా మనవరాలివేగా,” అన్నాను. ఒప్పుకుంది. అది దాచుకున్నదానికి నా కూలి డబ్బు కొంత కలిపాం. తిరుగు బస్సులో లెన్సును పసిపిల్లలా నా ఒళ్లో పెట్టుకున్నాను. దారంతా పాఠమే. సగం నొక్కు, కీచుమంటుంది, అప్పుడు పూర్తిగా నొక్కు. ఆ రోజు బోర్డులు చదవలేదు.

మర్నాడు ఇద్దరం ట్రక్కు చాటున చేరాం. నేను పొద్దుటి నుంచీ అక్కతోపాటు కాయ ఏరి, నడుం నొప్పని చెప్పి లేచి వచ్చాను. మనవరాలు కెమెరా ఇచ్చి, “దూరం సరిపోయిందేమో చూడు,” అంది. కన్ను పెట్టే చోట నల్లటి రబ్బరు మీద దుమ్ముంది. శుభ్రం చేద్దామని బొటనవేలితో గుండ్రంగా, బాగా రుద్ది, ముందు నువ్వే చూడమని మనవరాలికే తిరిగి ఇచ్చాను. ఇన్నేళ్లు కారంలో బతికినదాన్ని, నా వేళ్లకు కారం ఉంటుందన్న సంగతే మర్చిపోయాను.

అది కన్ను పెట్టింది. రెండు క్షణాలు ఏమీ లేదు. మూడో క్షణంలో “అమ్మో!” అని కెమెరా నా చేతుల్లోకి తోసి, ఒంటికాలి మీద గెంతుతూ నీళ్ల డ్రమ్ము వైపు పరిగెత్తింది.

కల్లం మధ్యలోంచి అక్క తలెత్తింది. “ఏమైందే పిల్లకి?”

“కంట్లో కారం! నేనే పూశాను!” అని అరిచాను.

“ఓసి నీ తెలివి తగలెయ్య! ముసల్దానివయ్యావు, కారం చేత్తో దేన్నీ ముట్టుకోకూడదని తెలీదటే! మిరపచేలోనే పుట్టావా, పట్నంలో పుట్టావా?” అంటూ అంటూనే మొదలుపెట్టింది నవ్వు. కొంగు జారిపోయింది. పట్టించుకోలేదు. ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి ఎర్రటి కాయల్లో, తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి.

డ్రమ్ము దగ్గర నుంచి మొహాన నీళ్లు కొట్టుకుంటూనే మనవరాలు కేక పెట్టింది. “అమ్మమ్మా, తియ్యి! నువ్వు తియ్యి!”

కన్ను పెట్టాను. మండింది. మండనీ. అక్క నా ఎదురుగా, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా నవ్వుతోంది. నా చెయ్యి వణికింది, అక్క మాత్రం కదల్లేదు. సగం నొక్కాను. కీచుమంది. పూర్తిగా నొక్కాను.

పిల్ల కన్ను సాయంత్రానికి సర్దుకుంది. ఎర్రబడ్డ కంటితోనే ఫొటో కంప్యూటర్లో పెట్టి చూపించింది. ఒక పక్కకు కాస్త వాలింది. నా అక్షరాల్లాగే పడిపోతోందట. కానీ అక్క మొహం మీద ప్రతి ముడతా లెక్కపెట్టొచ్చు.

కాగితం మీద వేయించి తెస్తే అక్క కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. “పళ్లు కనిపిస్తున్నాయేమే,” అంది.

“లేని పళ్లు ఎక్కడ కనిపిస్తాయి? మూసుకో,” అన్నాను.

అక్క ఫొటోను కొంగులో చుట్టుకుంది. సింగరాయకొండ వెళ్లేనాడు ఆధార్ కార్డున్న ప్లాస్టిక్ కవరులోనే దాన్నీ పెట్టుకుంది. ఫొటోను ముందువైపు, కార్డును వెనకవైపు.