నేను వదిలేసిన స్వరం

నా చిన్నప్పుడు, లండన్ శివార్లలోని ఇల్ఫర్డ్‌లో, పక్కింటి ఆంటీ శనివారం పొద్దున్నే నన్ను చర్చిలో పాటల సాధనకి లాక్కుపోయేది. ఆమెది గుంటూరు, మా అమ్మ మంచం పట్టి ఉన్న హాస్పిటల్లోనే నర్సు. మేం హిందువులమే. కాని నాన్న అస్తమానం అమ్మ దగ్గరే ఉంటే నన్ను చూసుకునేదెవరు? అలా నేను ఆ పాటల గుంపులో పడ్డాను.

అక్కడ పాడేవన్నీ వందల ఏళ్ళనాటి లాటిన్ పాటలు, వాయిద్యాలుండవు. అక్షరానికో స్వరం పలికేవి కొన్ని, ఒక్క అక్షరాన్నే పది ఇరవై స్వరాల మీదుగా సాగదీసేవి కొన్ని. నాకు అప్పజెప్పింది మాత్రం ఆర్గనమ్ అనే రకం పాటలో కింది వరస. పై గొంతు ఎక్కడెక్కడో తిరుగుతుంటే, కింద మేం ఆరుగురం ఒకే స్వరం మీద నిలబడాలి. దాన్ని టెనర్ అంటారనీ, పట్టుకుని ఉండేది అని దానర్థమనీ ఆంటీ చెప్పింది.

అమ్మకు ఉన్నట్టుండి ఆపరేషన్ చేసిన శనివారం, నాలో నేనే ఒక మొక్కు మొక్కుకున్నాను. పాట అయ్యేదాకా ఊపిరి పీల్చకుండా స్వరం పట్టుకుంటే అమ్మ ఇంటికొస్తుంది. పిచ్చి మొక్కు! పదేళ్ళదాన్ని, నా ఊపిరెంత? సగంలోనే గొంతు ఆగిపోయింది. మంగళవారం అమ్మ పోయింది.

నేనే చంపేశాననుకున్నాను. అన్నం సహించేది కాదు. నాన్నేమో నా మొహం చూసే స్థితిలో లేడు. నెల తర్వాత ఆంటీ మళ్ళీ పాటకు రమ్మంటే వలవలా ఏడ్చి, ఉన్నదంతా చెప్పేశాను.

'అయ్యో పిచ్చితల్లీ' అంది, అంతే. ఆ శనివారం డ్యూటీ రోటా మార్చుకుని మరీ తీసుకెళ్ళి, నన్ను పక్కనే నిలబెట్టుకుంది. తను చెయ్యి నొక్కగానే పాడడం ఆపి వినమంది. నొక్కింది. ఆపేశాను. స్వరం ఆగలేదు. చుట్టూ చూస్తే, ఒకరి తర్వాత ఒకరు, పక్కవాళ్ళు పాడుతుండగా గుట్టుగా గాలి పీల్చుకుంటున్నారు. ఆంటీ కూడా.

"చూశావా, ఇది ఒక్కళ్ళం పట్టుకునేది కాదమ్మా," అంది బయటికొచ్చాక. "మీ అమ్మని పట్టుకోడానికి వార్డులో ఇంతమందిమి ఉన్నాం. మా వల్లే కాలేదు. నీవల్ల ఎట్టా అవుద్ది?" ఆంటీ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మొన్న చలికాలం కేర్ హోమ్‌లో ఆంటీ చెయ్యి పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు ఆమె కూతురు వచ్చి ఆ చెయ్యి అందుకుంది. నేను కాస్త గాలి పీల్చుకుందామని బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆంటీ లేదు. నేను వదిలేసినందుకే పోయిందని మాత్రం ఈసారి అనుకోలేదు. ఏడ్చానంతే.