ఎర్రబండి వెనక సీటు

సోములమ్మను కూలికి పిలిచింది నాట్లకు కాదు, కాఫీ పండ్లు ఏరడానికీ కాదు. బరువుకు పిలిచారు. అవును, బరువుకే. బిల్లపుట్టు ఊరి కింద కోతలైపోయి ఎండిన మడుల్లోకి విశాఖపట్నం కంపెనీవాళ్ళు గాలిపటంతో నడిచే బండ్లు తెచ్చారు. ముందు సీటులో కూర్చున్నవాడు దుప్పటంత గాలిపటాన్ని నాలుగు తాళ్ళతో ఆడిస్తూ, కాళ్ళతో ముందు చక్రాన్ని తిప్పుతాడు. వెనక సీటులో టూరిస్టు కూర్చుంటాడు. ఇంజను లేదు, పెట్రోలు లేదు, గాలే ఎద్దు. టూరిస్టులు రాకముందే ఆ వెనక సీటు ఎంత మోస్తుందో, ఎన్నాళ్ళు మోస్తుందో చూడాలి గదా! మొదట ఇసుక బస్తా పెట్టి చూశారు. అది మలుపు వచ్చినప్పుడల్లా జారి పడింది. గట్టిగా పట్టుకుని కూర్చునే బస్తా ఉంటే బాగుండునన్నారు. అలా దొరికింది సోములమ్మ.

ఈ మాటకు ఆమెకు కోపం రావలసింది. రాలేదు. ఎందుకంటే ఆమెకు బండి అంటే చిన్ననాటి నుంచీ పిచ్చి. ఆ కొండల్లో పిల్లలు మూడు చక్రాల చెక్కబండి ఎక్కి, కాళ్ళతో ముందు చక్రం తిప్పుకుంటూ వాలులో జారతారు. తన ఈడు గుంటలందరిలో భయం లేకుండా కొండ కొమ్ము నుంచి దిగింది సోములమ్మే. ఇప్పుడు నలభై అయిదు దాటినా ఊటగెడ్డ నుంచి నీళ్ళ బిందెలు ఆ చెక్కబండి మీదే దించుకొస్తుంది. కాబట్టి మొదటిసారి గాలిపటం లాగి బండి మడిలో పరుగందుకున్నప్పుడు, చీర నడుముకు బిగించి, రెండు చేతులా సీటు పట్టుకుని, ఆమె వేసిన కేక రోడ్డు దాకా వినబడింది. అది భయంతో వేసిన కేక కాదు, సంబరంతో వేసింది.

బండ్లు రెండు. ఒకటి ఎర్రది, విదేశాల నుంచి తెప్పించింది. సన్నని గొట్టాలు, వెడల్పు టైర్లు, పరుపులాంటి సీటు. విప్పితే కారు డిక్కీలో పట్టేస్తుంది, అన్నీ మరలూ సీలలూ. నేలకు ఆనుకున్నట్టు తక్కువ ఎత్తులో ఉంటుంది గనుక మలుపులో తిరగబడదు. రెండోది నీలంది. దాన్ని గాజువాకలో ఏదో వెల్డింగు కొట్టులో చేయించారు. ఇనుప గొట్టం, స్కూటరు చక్రాలు, అరుగులాంటి సీటు. ఎత్తుగా ఉండటం వల్ల మలుపులో రెండుసార్లు తిరగబడి సోములమ్మను తుప్పల్లో పడేసింది. అయితే పడేసిన ప్రతిసారీ బండి బండిలాగే లేచింది.

సోములమ్మకు నచ్చింది ఎర్రబండే. నీలంబండిని చూస్తే చాలు మూతి తిప్పేది. "దీని మీద కూకుంటే రోట్లో కూకున్నట్టుంటాది. ఎముకలన్నీ లెక్కెట్టుకోవొచ్చు" అని కూతురు మాధవితో చెప్పి నవ్వేది. మాధవి ఇంటరు చదివింది. కంపెనీవాళ్ళు ఆ పిల్లకు చిన్న గాలిపటం ఇచ్చి నేల మీద సాధన చేయించారు. బండ్లు మొదలైతే ముందు సీటు నీదే అన్నారు. ఊళ్ళో ఇంకొందరు పిల్లలకూ అదే ఆశ పెట్టారు. హుకుంపేట సంతకు పోయినా మాధవి నడకలో గాలిపటం ఆడించే దర్జా కనబడేది.

నేర్పించేది సాయినాథ్. నల్లకళ్ళద్దాలు, మోచేతుల దాకా తొడుగులు. ఎర్రబండిని ఎంచింది అతనే, తెప్పించింది అతనే. ఇలాంటివి ఇరవై కొనమని యజమాని ప్రేమ్‌కుమార్‌ను ఒప్పించింది కూడా అతనే. నీలంబండి పోలికకు పక్కన ఉండాలి గనుక ఉంది. పెళ్ళిచూపుల్లో పిల్లను ముందే ఖాయం చేసుకుని, మాటవరసకు ఇంకో ఇంటికి కూడా వెళ్ళొచ్చినట్టు.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం కనుమ లోంచి గాలి విసురుగా దిగింది. సాయినాథ్ ముందు, సోములమ్మ వెనక, ఎర్రబండి మడికి అడ్డంగా దూసుకుపోతోంది. మధ్యలో మోకాలెత్తు కూడా లేని గట్టు. ముందు చక్రం దాటింది. వెనక చక్రాలు గట్టును కొట్టగానే, వెనక సీటును బండికి కలిపే అతుకు పుటుక్కున విరిగింది. సోములమ్మ సీటుతో సహా ఎగిరి గట్టు మీద పడింది. ఎడమ మణికట్టు విరిగింది. నడుం చచ్చుబడిపోయిందేమో అనుకుంది.

సాయినాథ్‌కు ముందు తెలియలేదట. బండి తేలికైందని సంతోషపడ్డాడట! మడి చివరిదాకా పోయి వెనక్కి తిరిగి చూశాడు. పరుగెత్తుకొచ్చాడు. వచ్చి ఏం చేశాడు? గట్టు మీద మనిషి మూలుగుతూ ఉంటే, వంగి విరిగిన గొట్టం ముక్క తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. మట్టి తుడిచి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే "లేవగలవా అమ్మా?" అన్నాడు. సోములమ్మ నొప్పిని మరచిపోయింది గానీ ఆ వరసను మరచిపోలేదు.

ఆసుపత్రికి పోయే జీపులోనే అతను యజమానికి ఫోను చేశాడు. "ఆమె కాలు కింద పెట్టేసింది సార్. ఇలాంటివాళ్ళను కూర్చోబెడితే ఇంతే. బండిలో ఏ లోపమూ లేదు" అన్నాడు. పక్కనే కూర్చున్న మనిషికి చెవులున్నాయన్న జ్ఞానం కూడా లేకపోయింది.

"ఏటి బాబూ, నాను కాలెట్టానా?" అంది సోములమ్మ. "నా రెండు కాళ్ళూ, కాళ్ళెట్టుకునే కడ్డీ మీదే ఉన్నాయి. కాలెట్టుంటే కాలిరగాల గానీ సెయ్యెందుకిరుగుతాది?"

"నొప్పిలో నీకు గుర్తుండదులే అమ్మా" అన్నాడు సాయినాథ్.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందని సామెత. ఇక్కడ మద్దెలే పగిలింది, నేరం ఆడినమ్మ మీద పడింది. చెప్పేదేముంది, పగిలిన మద్దెల ఫారిన్‌ది.

కట్టుతో ఇంటికి వచ్చాక అసలు బాధ మొదలైంది. సాయినాథ్ ఊళ్ళో ఒక మాట వదిలాడు. ఎర్రబండి చెడ్డదని తేలితే ప్రేమ్‌కుమార్ విసిగిపోయి సామాను సర్దుకుని లంబసింగి పోతాడట, ఇక్కడి పిల్లలకు పని ఉండదట. కాబట్టి యజమాని వచ్చిన రోజున సోములమ్మ అందరి ముందూ తానే కాలు పెట్టానని ఒక్క మాట చెబితే సరిపోతుందట. ఆ ఒక్క మాట కోసం ఊరు ఊరంతా ఆమె గుమ్మం తొక్కింది.

ముందు ఊరి పెద్ద బుధు వచ్చాడు. ఆమె పెనిమిటికి అన్న. అరుగు మీద కూర్చుని పొగచుట్ట వెలిగించాడు. "సూడు సోములమ్మా, నోరు మంచిదైతే ఊరు మంచిదంతారు. ఒక్క మాటే కదా! కాలెట్టానని అనెయ్యి, పోయేదేటుంది?"

"పోయేదేటా బావా? రేపు ఆ సీట్లో కూకున్నోడి నడుం పోతాది. ఆ గుంటలు మన గుంటలు, ముందర కూకుని తోలేది ఆళ్ళే. ఎనకోడు సచ్చిపోతే ఎవుల్ని పట్టుకుంతారు? ఈ సాయినాథ్‌నా?"

బుధు చుట్టను అరుగుకు రాసి ఆర్పి, లేచిపోయాడు.

ఊరు అంటే ఊరు, దాన్ని భరించవచ్చు. కన్నకూతురు కూడా అదే అంటే? గంజి పోసి పళ్ళెం ముందు పెడుతూ మాధవి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎందుకమ్మా ఇలా సేత్తన్నావు? నాకు దొరక్క దొరక్క దొరికిన పని. సెయ్యి ఎలాగూ ఇరిగిపోయింది. ఒక్క మాట అంటే నీదేటి పోద్ది?"

సోములమ్మ కుడిచేత్తో పళ్ళెం పక్కకు తోసింది. "సెయ్యిరిగితే అతుకుతాది గుంటా. నాను అబద్దమాడి, దాని మీద నువ్వు కూకుని తోలితే, అది అతకదు" అంది. ఆ పూట ఇద్దరూ తినలేదు. ఆ తర్వాత తల్లీకూతుళ్ళ మధ్య అవసరానికి మించి మాటల్లేవు.

ఇంతలో చైత్రం వచ్చింది, ఇటుకల పండుగ వచ్చింది. ఆ రోజుల్లో మన్యంలో మగవాళ్ళు వేటకు పోతారు. అడవిలో ఇప్పుడు వేటాడటానికి ఏముంది గనుక, ఆచారం తప్పకూడదని పోయి వస్తారు. ఊళ్ళో రాజ్యం ఆడవాళ్ళది. దారికి అడ్డంగా తాడు కడతారు. కలెక్టరు కారైనా ఆగాల్సిందే, ఏదో ఒకటి ఇచ్చుకోవాల్సిందే, వాళ్ళతో రెండు అడుగులు వేయాల్సిందే. వేట నుంచి ఉత్తి చేతులతో వచ్చిన మగవాడికి పేడనీళ్ళతో స్వాగతం. తడిసినవాడు నవ్వాలి. కోపగించుకున్నాడా, ఏడాదంతా వాడిని చూసి ఊరు నవ్వుతుంది.

ప్రేమ్‌కుమార్ ఆ రోజునే ఎంచుకున్నాడు. పండుగా చూసినట్టుంటుంది, బండ్లూ చూసినట్టుంటుంది, ఒకే ప్రయాణం. ముందు అతని కారు, వెనక ట్రాలీలో రెండు బండ్లు. ఎర్రబండికి విరిగిన చోట కొత్త అతుకు వేసి, పైన రంగు పూసి మెరిపించాడు సాయినాథ్.

ఊరి మొగదలలో తాడు అడ్డం వచ్చింది. ఒక కొస మాధవి చేతిలో ఉంది. ప్రేమ్‌కుమార్ కారు దిగి, ఫోను తీసి, వీడియో మొదలుపెట్టాడు. "అబ్బ, ఇదీ సంస్కృతి అంటే! సిటీలో ఎక్కడుంది ఇది? సాయినాథ్, అంతా తీయి" అని ఫోను అతని చేతికిచ్చి, డప్పు దగ్గరకు పోయి తప్పుతడకగా నాలుగు థింసా అడుగులు కూడా వేశాడు. ఆడవాళ్ళు నవ్వారు. మంచివాడే, నవ్వు ముఖం. "ఏం కావాలో అడగండమ్మా, కాదననులే" అని జేబులో చెయ్యి పెట్టాడు.

సోములమ్మ కట్టు చేతితో ముందుకు వచ్చింది. సాయినాథ్ ముఖం విప్పారింది. ఆ ఒక్క మాట ఇప్పుడు వస్తుందనుకున్నాడు.

"డబ్బులొద్దు సారూ" అంది సోములమ్మ. "ఆ ఎర్రబండిలో ఎనక సీట్లో కూకుని మడిలో ఒక్క సుట్టు తిరగండి. గాలిపటం మీ మాస్టారే ఆడిత్తాడు. అదే మా పండగ కానుక."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు ప్రేమ్‌కుమార్. బండి దించమన్నాడు. దించారు. గాలి కూడా మంచిదే, ఆమె పడిన రోజంత విసురు లేదు. ప్రేమ్‌కుమార్ ప్యాంటు పైకి మడిచి, వెనక సీటులో ఒక కాలు పెట్టాడు.

సాయినాథ్ గబుక్కున వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. "సార్, మీరొద్దు."

"ఏం?"

"గాలి... గాలి బాగాలేదు సార్."

"బాగానే ఉందిగా."

"బేగి తోలు బాబూ" అంది సోములమ్మ. "రాయిలాంటి బండి అన్నావు. కాలెట్టకపోతే ఏటీ అవదన్నావు. సారు కాలెట్టరులే, సదూకున్నారు."

డప్పు ఆగింది. ఊరంతా చూస్తోంది. సాయినాథ్ చెమట తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు గానీ, అంత నిశ్శబ్దంలో ఎంత తగ్గించినా ఏం లాభం? "ఆ అతుకు మీద నమ్మకం లేదు సార్. గట్టు తగిలితే మళ్ళీ పోవచ్చు. మీకేమైనా అయితే..."

ప్రేమ్‌కుమార్ కాలు వెనక్కి తీసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. "ఆ అతుకు మీద నన్ను కూర్చోబెట్టేవాడివా? నన్ను? బుద్ధుందా నీకు? ఎత్తు, ఎర్రది ట్రాలీలోకి ఎత్తు. నా కళ్ళ ముందు మళ్ళీ కనిపించకూడదు."

గెలుపంటే ఇదే కావాలి. ఎర్రబండి పోయింది, ఆ సీటులో ఇక ఎవరూ పడరు. కానీ సోములమ్మ గుండె చల్లబడలేదు, ఇంకా రగిలింది. నన్ను కూర్చోబెట్టేవాడివా అన్నాడు. ఆమెను కూర్చోబెట్టావే అనలేదు. తెల్లకట్టు వేసుకుని మూరెడు దూరంలో నిలబడ్డ మనిషి అతని కంటికి ఆనలేదు. తన ఎముకలు ఎముకలు, ఆమెవి ఇసుక.

ఆ "నన్ను" అన్న మాట మాధవి కూడా వింది. ఆమె చేతిలోని తాడు జారిపోయింది. వేటకు పోయినవాళ్ళ కోసం కలిపి ఉంచిన పేడనీళ్ళ కుండ చెట్టు మొదట్లో ఉంది. ఎవరితోనూ ఏమీ అనకుండా పోయి, రెండు చేతులా ఎత్తుకొచ్చింది. సగం సాయినాథ్ నెత్తిన పోసింది. మిగతా సగం ఇరవై బండ్లు కొనే ప్రేమ్‌కుమార్ నెత్తిన పోసింది.

వయసు మీరి వేటకు పోలేని బుధు "ఓలమ్మో" అని నోరు మూసుకున్నాడు. ప్రేమ్‌కుమార్ నోరు తెరిచాడు. తిట్టడానికే తెరిచాడు. కానీ సాయినాథ్ చేతిలో అతని ఫోను ఇంకా అంతా తీస్తూనే ఉంది, ఇదీ సంస్కృతి అని పొగిడిన గొంతు కూడా అందులోనే ఉంది. చుట్టూ ఆడవాళ్ళందరూ అతను నవ్వుతాడా, కోపగించుకుంటాడా అని చూస్తున్నారు.

"ఉత్త సేతుల్తో ఒచ్చినోళ్ళకి మా మర్యాద ఇదే సారూ" అంది మాధవి. "మీరు ఒక్క మంచి మాట కూడా తేనేదు. మాయమ్మ కాలెట్టనేదు. పని ఇత్తే ఇవ్వండి, లేపోతే పొండి. మాయమ్మ కాలెట్టనేదు."

సోములమ్మ కూతురి వైపు చూసింది. ఇన్నాళ్ళ తర్వాత ఆమె కళ్ళు అప్పుడు తడిశాయి.

ప్రేమ్‌కుమార్ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. గడ్డం మీద నుంచి పేడనీళ్ళు కారుతుండగా, మొదటిసారిగా ఆమె చేతి కట్టు వైపు చూశాడు. "చెయ్యి ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"పేడనీళ్ళు పడితే గానీ నా సెయ్యి కనబడనేదేటి బాబూ?" అంది సోములమ్మ.