ముల్లు సున్నా మీదే ఉంది

బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో చూపించే పానాను టార్క్ రెంచి అంటారు. నా దగ్గర ఒకటి ఉండేది. ఒకరోజు అది గోడ మీది నుంచి గచ్చు మీద పడింది. బయటికి దెబ్బేమీ కనిపించలేదు. అయినా కిందపడిన రెంచిని నమ్మకూడదని నా అభిప్రాయం. దాన్ని అటక మీద పెట్టేసి, అంతకంటే నమ్మకమైన పద్ధతి ఒకటి నేనే తయారుచేసుకున్నాను.

నేను చదివింది పదో తరగతి. ఆదిలాబాద్‌లో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో మోటార్లు, బెల్టులు చూసుకుంటాను. నా రెండు సీట్ల కారు షోరూములో కొన్నది కాదు. ముందు భాగం నుజ్జయి తుక్కు యార్డులో పడి ఉంటే తెచ్చుకున్నాను. మూడేళ్ల ఆదివారాలు దానికే పోయాయి. అదే యార్డులో, అదే రకం కారుకు ఎడమ తలుపు వెతుక్కుంటూ నా స్నేహితుడు పరిచయమయ్యాడు. అతనికి కరీంనగర్‌లో గడియారాల దుకాణం ఉంది. నాకంటే ఆరేళ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు. మా చుట్టుపక్కల ఆ కారును ముట్టుకునే మెకానిక్ లేడు. అందుకని పానాలు మావే, పనీ మాదే, తప్పులూ మావే.

కిందటి చలికాలం ఇద్దరం కార్లకు పెద్ద బ్రేకు డిస్కులు వేసుకున్నాం. డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే భాగాన్ని కాలిపర్ అంటారు. ఒక్కో ముందు చక్రం దగ్గర దాన్ని రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. అంటే కారుకు నాలుగు. అవి దిగేది ఇనుములోకి కాదు, అల్యూమినియంలోకి. తక్కువ బిగిస్తే ఊడి వస్తాయి, ఎక్కువ బిగిస్తే లోపలి త్రెడ్డు నలిగిపోతుంది. కారు పుస్తకంలోని లెక్కను నేను కిలోల్లోకి మార్చుకున్నాను. పానాకు తొడిగిన మీటరు పొడవు గొట్టం చివర ఆరు కిలోల లాగుడు. మా బామ్మర్ది కూరగాయల వ్యాపారం చేస్తాడు. అతని స్ప్రింగ్ కాంటా రెండు వారాలకని తెచ్చాను. కొక్కేన్ని గొట్టం చివర తగిలించి, ముల్లు ఆరు మీదికి వచ్చేదాకా లాగడమే పని.

మొదటి ఆదివారం నా కారు బిగించాను. రెండో ఆదివారం అతను కరీంనగర్ నుంచి భార్యతో సహా వచ్చాడు. గొట్టం పొడవు టేపుతో మూడుసార్లు కొలిచాను. లాగే దిశ గొట్టానికి లంబంగా ఉందో లేదో మూలమట్టం పెట్టి చూశాను.

"ఇంత లెక్కతోని నా షాదీ కూడా చెయ్యలే మా అమ్మీ," అన్నాడు అతను.

"షాదీ ఊడినా బతుకుతవు. గిది ఊడితే కష్టం," అన్నాను.

భోజనాలు చేసి మూడూ ఇరవైకి వాళ్లు బయల్దేరారు. సైలెన్సర్ కూడా మేమే మార్చుకున్నాం కాబట్టి ఆ కారు శబ్దం వీధి మలుపు తిరిగాక కూడా చాలాసేపు వినిపించింది.

మూడూ యాభైకి మా ఇంటి ముందు వంకాయల ఆమె ఆగింది. మా ఆవిడ రెండు కిలోలు తీసుకుని, వరండాలో వేలాడుతున్న ఆ కాంటాకు సంచి తగిలించింది.

"ఏమే, రెండు కిలోలంటివి. ముల్లు కదలనే కదలకపాయె."

"అమ్మా, సంచి మోసుకుంట లోపలికి పోయినవ్ గదా, బరువు లేకుండనే పోయినవా? నీ కాంటకే ఏదో బీమారి ఉన్నది."

నేను లేచి వెళ్లి చూశాను. సంచి నిండుగా వేలాడుతోంది. ముల్లు సున్నా మీదే ఉంది. చేత్తో కొద్దిగా కిందికి లాగితే అప్పుడు కదిలింది.

వెంటనే బామ్మర్దికి ఫోన్ చేశాను.

"అది ట్రే బరువు తీసేసి చూపిస్తది బావ," అన్నాడు తాపీగా. "టమాట ట్రే రెండు కిలోలుంటది. ప్రతిసారి తీసేసుడు ఎందుకని స్ప్రింగు సర్దిపెట్టిన. ముల్లు సున్న కిందికి పోకుండ పిన్ను ఉంటది, దాని మీద ఆగుతది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? నువ్వు కూరగాయలు తూచుతవ్ అనుకున్న."

ముల్లు ఆరు చూపించినప్పుడు నేను లాగింది ఎనిమిది. ఉండాల్సిన దానికి మూడో వంతు ఎక్కువ. నా కారుకు నాలుగు, అతని కారుకు నాలుగు, మొత్తం ఎనిమిది బోల్టులు అలాగే బిగించాను. పొడవు కొలిచాను, కోణం కొలిచాను, సున్నాను మాత్రం కళ్లతో చూసి నమ్మాను. చదునైన రోడ్డు మీద నలిగిన త్రెడ్డు కొన్నాళ్లు పట్టుకుని ఉండవచ్చు. నేరడిగొండ దాటాక నిర్మల్ వైపు ఘాట్ దిగుడు మొదలవుతుంది. అక్కడ మలుపు మలుపుకూ బ్రేకు తొక్కాలి, ప్రతి తొక్కుడూ ఆ నాలుగు బోల్టుల మీదే పడుతుంది.

అతనికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఆ సైలెన్సర్ శబ్దంలో ఫోను వినిపించదని నాకే తెలుసు. అతని భార్య నంబరు నా దగ్గర లేదు. నేరడిగొండలో నాకు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు.

అతను అరవై దాటి నడపడు. అరగంట అయింది కాబట్టి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఆగకపోతే నాలుగున్నర లోపలే ఘాట్‌లో ఉంటాడు. కానీ ప్రయాణంలో కూడా అతను నమాజు తప్పడు. ఆ రోజుల్లో అసర్, అంటే సాయంత్రం పూట నమాజు, నాలుగుంబావుకు. ఆ సమయానికి నేరడిగొండ దగ్గరికి వస్తాడు, అక్కడ రోడ్డు పక్కన చిన్న మసీదు ఉంది. పావుగంట ఆగుతాడు. అంటే నాలుగున్నర లోపల నేను అక్కడ ఉండాలి. ఇప్పుడు మూడూ యాభై అయిదు. సుమారు యాభై రెండు కిలోమీటర్లు, ముప్పై అయిదు నిమిషాలు. గంటకు తొంభై చొప్పున పోవాలి. స్కూటర్ మీద అయ్యే పని కాదు.

తాళంచెవి తీసుకుంటుంటే మా ఆవిడ అడ్డం నిలబడింది.

"నీ బండికి ఏసినయ్ కూడ గవే బోల్టులు గదా?"

"గవే."

"మరి?"

"బ్రేకు తొక్కకుండ పోత."

"పోయేటోనివి ఫోన్ ఎత్తుకుంట పో. నేను చేస్తనే ఉంట," అని తప్పుకుంది.

బ్రేకు తొక్కకుండా తొంభైలో పోవడం చెప్పినంత సులువు కాదు. ముందున్న బండికీ నాకూ మధ్య మామూలుగా వదిలే దూరానికి మూడింతలు వదిలాను. వేగం తగ్గించాలంటే గేరు దించి ఇంజనుతోనే ఆపుకొచ్చాను. గుడిహత్నూర్ దగ్గర పత్తి లోడు ట్రాక్టర్ ఒకటి సైగ లేకుండా అడ్డం తిరిగింది. నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు దించాను. చాలలేదు. పెడల్ మీద పాదం ఆనించి మెల్లగా నొక్కాను. ఎడమ చక్రం దగ్గర టిక్కుమని చిన్న శబ్దం వచ్చింది. కారు ఆగింది. ట్రాక్టర్ వాడు చేయి ఊపి వెళ్లిపోయాడు.

ఆ శబ్దం రాయి తగిలి కూడా రావచ్చు. దిగి చూస్తే కనీసం పది నిమిషాలు పోతాయి. నా దగ్గర అన్ని లేవు. దిగలేదు.

ఇచ్చోడ దాటేసరికి నాలుగూ పదిహేడు. లెక్క కంటే రెండు నిమిషాలు వెనకబడి ఉన్నాను. ఫోను మోగుతూనే ఉంది. అది మా ఆవిడ అనుకుని ఎత్తలేదు. అతని నుంచి అయితే ఎత్తకపోవడం తప్పు కదా అని తర్వాత తోచింది. చూస్తే మా ఆవిడే.

నేరడిగొండ దగ్గర, నాలుగూ ముప్పై రెండుకు, మసీదు ముందు ఎర్ర కారు కనిపించింది. నేను చాలా ముందు నుంచే గేర్లు దించుకుంటూ వచ్చి దాని వెనక ఆగాను. దిగి ముందుకు వెళ్లాను. అతని భార్య కారులో కూర్చుని పల్లీలు తింటోంది. నన్ను చూసి అద్దం దించింది.

"అన్నా, మీరేంది గిట్ల? టిఫిన్ డబ్బా మర్చిపోయినమా?"

"తాళంచెవి ఎవరి దగ్గరుంది చెల్లె?"

"ఆయన జేబులనే ఉంది. ఇగో వస్తనే ఉన్నడు."

అతను టోపీ తీసి జేబులో పెట్టుకుంటూ మెట్లు దిగాడు. విషయం చెప్పాను. ఒక్క మాట కూడా తిట్టలేదు. జాకీ తీశాడు. ఇద్దరం అక్కడే చక్రాలు విప్పాం. మామూలు పానా పెట్టి, బిగించే వైపు వేలితో నెట్టినంత బలం మాత్రమే ఇచ్చాను. త్రెడ్డు పోతే బోల్టు ఆ మాత్రానికే తిరుగుతుంది. మొదటిది కదలలేదు. రెండోది కదలలేదు. కుడి చక్రం దగ్గర మూడోదీ నాలుగోదీ కదలలేదు.

నేను రోడ్డు పక్క మట్టిలో కూర్చుండిపోయాను. అతను మాత్రం జాకీ తీసుకుని నా కారు వైపు నడిచాడు.

"నాది రేపు చూసుకుంట," అన్నాను.

"రేపటిదాక ఎట్ల పోతవ్? జర ఆగు."

ఎడమ చక్రం విప్పాడు. పై బోల్టు గట్టిగానే ఉంది. కింది బోల్టుకు పానా పెట్టి వేలితో నెట్టాడు. అది తిరిగింది. ఇంకొంచెం నెట్టాడు. ఇంకా తిరిగింది. పానా తీసేసి చేత్తో పట్టుకుని బయటికి లాగాడు. బోల్టు చుట్టూ అల్యూమినియం పొడి, సన్నటి తీగలా చుట్టుకున్న త్రెడ్డు ముక్కా వచ్చాయి. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీంతోని తొంభైల వచ్చినవా అన్నా?"

నేను లేచి వెళ్లి ఆ ఖాళీ రంధ్రంలోకి చూశాను.

"నా కోసం ఫికర్ పడి నువ్వే పోతుంటివి గదా," అన్నాడు. బోల్టును నా చేతిలో పెట్టకుండా తన జేబులో వేసుకున్నాడు.

అతని భార్య పల్లీల పొట్లం మూసి దిగింది. "ఇద్దరు ఉస్తాదులు కలిసి రెండు బండ్లు ఖరాబ్ చేసిన్రు. ఇగ బస్సుల పోదాం. బస్సు బోల్టులు మీరు బిగించలే గదా?"

గట్టిగా ఉన్న ఆ నాలుగు బోల్టులు కూడా మూడో వంతు ఎక్కువ బిగించినవే. ఘాట్ దిగేంత భరోసా వాటి మీద నాకు లేదు, అతనికీ లేదు. చక్రాలు తిరిగి ఎక్కించి, మసీదు పెద్దమనిషిని అడిగి రెండు కార్లనూ లోపలి స్థలంలోకి తోసి పెట్టాం. వాళ్లిద్దరూ నిర్మల్ బస్సు ఎక్కారు. నేను రోడ్డు దాటి ఆదిలాబాద్ బస్సు కోసం నిలబడి, మా ఆవిడకు ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

"దొరికిన్రా?"

"దొరికిన్రు. ఘాట్ దిగలే."

"బ్రేకు తొక్కినవా?"

"ఒక్కసారి."

"వంకాయ కూర చేసిన, రా" అని పెట్టేసింది.

ఆ తర్వాతి ఆదివారం నలిగిన రంధ్రంలో వేయడానికి త్రెడ్డున్న స్టీలు తొడుగు, ఎనిమిది కొత్త బోల్టులూ తీసుకుని మళ్లీ అక్కడే కలిశాం. బామ్మర్దికి అతని కాంటా ఇచ్చేసి నేను కొత్త కాంటా కొన్నాను. స్నేహితుడు దాన్ని నా చేతిలోంచి తీసుకుని చెట్టు కొమ్మకు తగిలించాడు. వాళ్ల కారులోంచి లీటరు నీళ్ల సీసా తెచ్చి కొక్కేనికి వేలాడదీశాడు. ముల్లు ఒకటి దాటి ఒక గీత ముందుకు పోయి నిలిచింది.

"సీసా బరువు," అన్నాను.

"తెలుసు," అని ఇంకో సీసా కోసం కారు వైపు వెళ్లాడు.