గాలివాటున ఆరబోసిన నెత్తళ్లు

నా చిన్నప్పుడు మా చెల్లెలు ఊపిరి పీలుస్తుంటే పక్క గదిలోకి కూడా వినపడేది. సన్నగా పిల్లికూతలు, గొంతులో ఎవరో ఈల వేస్తున్నట్టు. విడవలూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్లో, బాడుగ గదుల వరసలో ఉండేవాళ్లం. నాయన వేటకి పోతే ఆ ఒక్క గదిలో అమ్మ, అవ్వ, మేమిద్దరం. ఒక పొయ్యి, ఒక కిటికీ. ఆ కిటికీ ఉన్నంతకాలం చెల్లెలికి ఏ జబ్బూ లేదు.

గదుల ఆసామి మా వెనకే మేడ కట్టుకున్నాడు. మా కిటికీ ఆయన పెరట్లోకి తెరుచుకునేది. చేపల కూర వాసన తన దేవుడి గదిలోకి వస్తోందని ఒకరోజు మేస్త్రీని పంపి దానికి ఇటుకలు పెట్టించాడు. అమ్మ బతిమాలింది. "గాలి కావాలంటే పోయి సముద్రం ఒడ్డున పడుకోండి, ఎవురొద్దన్నారు?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తే.

ఆ ఏటి వానలకి గోడలు చెమ్మెక్కి నల్లగా బూజు పట్టాయి. పొయ్యి పొగ బయటికి దారిలేక మా మీదే తిరిగేది. చెల్లెలికి పిల్లికూతలు మొదలయ్యాయి. అమ్మ పెరుగు మానిపించింది, అరటిపండు మానిపించింది. ఎండాకాలం వచ్చినా తగ్గకపోతే, ఎవరో చెప్పారని తలుపు మూసి వాము పొగ వేసింది. పిల్ల పెదాలు నీలంగా మారాయి. ఎత్తుకుని నెల్లూరు పరిగెత్తాం. డాక్టరమ్మ పిల్లని బతికించి, ఇంట్లో గాలి ఆడుతుందా అని అడిగింది. అమ్మ కిటికీ సంగతి చెప్పింది. ఆ గదిలో ఉన్నంతకాలం ఎన్ని మందులు తాగినా ఇంతేనంది ఆమె. అవ్వ బస్సులో ఇంటిదాకా పళ్లు నూరుతూనే ఉంది.

అవ్వది ఎండుచేపల వ్యాపారం. ఎప్పుడూ ఊరికి దూరంగా ఒడ్డున ఆరబోసేది. మర్నాడు మాత్రం తట్టలన్నీ తెచ్చి, ఆసామి మేడకి తూర్పున ఉన్న ఊరుమ్మడి ఇసుకలో నెత్తళ్ల చేపలు పరిచింది. మధ్యాహ్నం సముద్రగాలి తిరిగింది. మేడ కిటికీలు టపటపా మూసుకున్నాయి. ఆ తర్వాత రోజూ అంతే. కొన్నాళ్లకి ఒంటినిండా చెమటకాయలతో, గోక్కుంటూ వచ్చాడాయన.

"ఏందవ్వా ఈ కంపు! ఇంట్లో ఊపిరాడట్లా!"

"ఊపిరాడకపోతే ఎట్టుంటాదో తెలిసిందా సామీ? మా పిల్లకి ఎప్పుడో తెలిసింది."

"గది ఖాళీ చేయిస్తా, ఏమనుకుంటున్నావో!"

"చేయించు నాయనా. ఈడనే గుడిసేసుకుంటా. నెత్తళ్లకి కాపలా కూడా కుదురుతాది."

జబ్బు పిల్లతో నడివీధిలో పడతామేమోనని అమ్మ వణికిపోయింది. వీధి మాత్రం విరగబడి నవ్వింది. ఆయన గోక్కోవడం చూసి నేనూ కడుపారా నవ్వాను.

మర్నాడు ఆసామి పంపితే మేస్త్రీ వచ్చి ఇటుకలు ఊడదీశాడు. "ఇంక చాలత్తా, ఎత్తేద్దాం" అంది అమ్మ. అవ్వ ఎత్తలేదు. పిల్ల ఒక్క రాత్రైనా తెల్లవార్లూ లేవకుండా నిద్రపోవాలి, అప్పటిదాకా వాడు ఉడకాల్సిందేనంది. నన్ను పక్కన కూచోబెట్టుకుని, "రోగానికి మందిచ్చేది డాక్టరమ్మ. రోగం తెచ్చినోడి గడపకి మనమే పోవాల" అని చెప్పింది. చెల్లెలు అలా నిద్రపోయి లేచిన పొద్దునే అవ్వ తట్టలు ఎత్తింది.

ఏ ఇంట్లో పసిపిల్ల దగ్గు విన్నా, ఆ ఇంటి బాడుగ ఎవరు తీసుకుంటున్నారని అడగడం నాకు ఆ రోజుల నుంచీ అలవాటు. ఆసామి పోయి చాలా ఏళ్లయింది. పోయినవాడి మీద పగెందుకు, వదిలెయ్యమంటారు మా పిల్లలు. చెల్లెలి ఊపిరితిత్తులు మళ్లీ పూర్తిగా బాగుపడలేదు. ఇప్పటికీ మా ఇంటికొస్తే మెట్ల మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, నావైపు చూసి నవ్వుతుంది. ఆమె ఆగకుండా పైకొచ్చిన రోజున వదిలేస్తానని పిల్లలకి చెప్పాను.